ఊరి మందు ముందు

పంపకాల ఏడు 31, కార్తీక శుద్ధ పాడ్యమి

తెల్లవారుజామున జల్లు. తర్వాత మబ్బు. పాక వెనక గట్టు తెగితే రెండు గంపల మట్టి వేసి తొక్కాను.

పాలు: గంగి మూడున్నర, పుల్ల మూడు, తుమ్మెద రెండుంబావు. పోయిన వారం తుమ్మెద పూటకి నాలుగున్నర ఇచ్చింది.

తొలి ధారలు నల్ల పళ్లెంలో పిండి చూశాను. తుమ్మెద కుడి వెనక చన్నులోంచి విరిగిన పాల పలుకులు పడ్డాయి. చన్ను గట్టిగా ఉంది, చెయ్యి వేస్తే కాలు విదిలిస్తోంది. మెడపట్టీ వేడి 104 చూపిస్తోంది. ఇలా కావడం ఇది నాలుగోసారి. పసుపు మందు ఎక్కిస్తే మూడు రోజుల్లో తగ్గుతుంది, పది రోజులకి మళ్ళీ వస్తుంది. పసుపుది రోగాన్ని ఆపుతోంది గానీ తియ్యడం లేదు.

పొదుగు తుడిచే గుడ్డలు ఉడకబెట్టి ఆరేశాను. ఆరు.

శుద్ధ విదియ

మబ్బు లేదు. చలిగాలి. పొద్దున్నే పాలు పితికి, పళ్లేలు కడిగి, చెల్లెలి ఇంటికి భోజనానికి వెళ్ళాను.

పశువులున్న ఇంటివాళ్ళకి కాలువ దాటడానికి ఏడాదికి ఒక్కసారే అనుమతి ఇస్తారు. నేను దాన్ని ఈ భగినీహస్త భోజనం రోజుకే దాచుకుంటాను. గేటు దగ్గర నా బట్టలు విప్పి వాళ్ళ బట్టలు కట్టుకుని, పురుగుని చంపే లైటు కింద చేతులు చాపి నిలబడాలి. గేటు కాపలా పోలయ్య ఏటా అనే మాటే అన్నాడు.

"ఏం వీర్రాఘవులూ, చెల్లెలి చేతి బూరెల కోసం ఒంటికి ఇంత మంట పెట్టుకోవాలా?"

"నీకూ తెస్తాలే."

"తేకపోతే లోపలికి రానిస్తానా?"

తెల్లలంక మా పసుపులంకకి ఎంతో దూరం లేదు. మధ్యన ఉన్నది కాలువే. మందులు పంచినప్పుడు నాకు ఇరవై ఏడేళ్ళు. ఏ మందూ పనిచెయ్యకుండా పోతున్న రోజులవి. ఊరికొక మందు ఇచ్చారు. మాకు పసుపుది వచ్చింది, వాళ్ళకి తెల్లది. ఒక ఊరి రోగపు పురుగు ఒక మందునే ఎరగాలి, రెండోదాన్ని చూడకూడదు. అందుకే పశువు కాలువ దాటదు, కాలువకి నూరు బారల లోపలికి కూడా రాదు. పచ్చి పాలు దాటవు. నెయ్యి దాటుతుంది, అది నిప్పు మీద కాగింది కనక.

చెల్లెలు అచ్చియ్యమ్మ పెళ్ళికి ఒక ఆవునిస్తానని మా అమ్మ నలుగురిలో మాటిచ్చింది. పంపకాలయ్యాక ఇవ్వడం కుదరలేదు. ఆ ఆవు మా పాకలోనే ఉండిపోయింది. దాని మనవరాలి దూడే తుమ్మెద. పుస్తకంలో నా పేరునే ఉన్నా అది అచ్చి ఆవు. దాని వెన్న నేను ముట్టను. ప్రతి వారం కాచి నెయ్యి పంపుతాను. అచ్చి తుమ్మెదని ఎన్నడూ చూడలేదు.

భోజనం దగ్గర అడిగింది. "ఎలా ఉందన్నయ్యా నా ఆవు?"

"పూటకి రెండుంబావు. వేడి 104."

"నేనడిగింది లెక్క కాదు. ఎలా ఉంటుందని? ఏడేళ్ళ నించీ అడుగుతున్నాను, నువ్వు లీటర్లే చెబుతావు."

బావ నవ్వాడు. "మీ అన్నయ్యని పెళ్ళికూతుర్ని చూసి రమ్మన్నా ఎత్తూ బరువూ రాసుకొస్తాడే."

నాకు నవ్వు రాలేదు. జబ్బు సంగతి చెప్పాను, నాలుగుసార్లూ. అచ్చి వడ్డన ఆపేసింది. లోపలికి వెళ్ళి చాలాసేపు రాలేదు. నేను బయల్దేరేటప్పుడు బూరెల డబ్బా చేతిలో పెట్టి, తలుపు దగ్గర నెమ్మదిగా చెప్పింది.

"అడుగున మూడు ట్యూబులున్నాయి. తెల్లవి. రోజుకొకటి. ఇదొక్కటే వెయ్యి అన్నయ్యా, మావాళ్ళు దీంతో ఇంకేదీ కలపరు. ఖాళీవి మాత్రం వెనక్కి పంపాలి, అవి అప్పగిస్తే గానీ నాకు కొత్తవి ఇవ్వరు."

వద్దనాలి. డబ్బా చంకలో పెట్టుకున్నాను.

గేటు దగ్గర పోలయ్య డబ్బా మూత తీసి పైనున్న బూరె తీసుకున్నాడు. రెండోది కూడా తీశాడు. మూడోదాని మీద చెయ్యి పెట్టి, "చాలు, షుగరు," అని మూత పెట్టేశాడు.

శుద్ధ తదియ

మంచు. కుడితి తొట్టి కడిగాను.

మా ఊళ్ళో ఒక పద్ధతుంది. మనిషికి కషాయం పట్టించినా, పశువుకి కట్టు కట్టినా, ఇంకేం చేసినా ముందు ఊరి మందు పడాలి. ఊరి మందు ముందు అంటారు. ఎవరు పెట్టారో తెలీదు. మందులు పంచిన కొత్తలో దానికి పసుపూ కుంకుమా కూడా పెట్టేవాళ్ళు. ఊరిని కాచేది అదే, దాన్ని దాటి ఇంకోదాని దగ్గరికి పోతే దానికి కోపం వస్తుందనేది మా అమ్మ. నేను అలాంటివి నమ్మను. కానీ తెల్ల ట్యూబు చేతిలోకి తీసుకున్నాక, ముందు పసుపుది వెయ్యకుండా నా చెయ్యి సాగలేదు.

ఆలోచించాను కూడా. పసుపుది పురుగుని ఎదగనివ్వకుండా పట్టుకుంటుంది. తెల్లది చంపుతుంది. ఒకరు పట్టుకుంటే ఒకరు కొట్టినట్టు. వాళ్ళ ఊళ్ళో కలపరంటే, వాళ్ళకి ఉన్నదే ఒకటి, కలపడానికి రెండోది ఏది?

పొద్దున్న ఆరింటికి పసుపుది ఎక్కించాను. ఎనిమిదింటికి చన్ను పూర్తిగా పిండేసి, తెల్లది ఎక్కించాను. ఆ పాలు గోతిలో పోశాను. ఊరి పుస్తకంలో పసుపుది ఒక్కటే రాశాను. ఈ పుస్తకంలో రెండూ రాస్తున్నాను.

శుద్ధ చవితి

మంచు. గడ్డి వామి పైన పట్టా సర్దాను. ఆరింటికి పసుపుది, ఎనిమిదింటికి తెల్లది. వేడి 102.

శుద్ధ పంచమి

ఎండ. ఆరింటికి పసుపుది, ఎనిమిదింటికి తెల్లది, మూడోది. వేడి 101న్నర. పలుకులు లేవు. చన్ను మెత్తబడింది. తుమ్మెద తవుడు మొత్తం తిని, ఖాళీ తొట్టిని కొమ్ముతో నెట్టింది.

పద్ధతి సరైనదే అనుకున్నాను. రెండూ కలిపి వెయ్యడం ఈ ఊళ్ళో నేనే మొదలేమో అని కూడా అనుకున్నాను. ఆ మాట ఇక్కడ రాయక తప్పదు.

శుద్ధ షష్ఠి

ఎండ. నెయ్యి కాచాను. రెండు అరల గిన్నెలో పై అరలో నెయ్యి పోసి, కింది అరలో ఖాళీ ట్యూబులు మూడూ పెట్టాను. గలగలమంటుంటే దండెం మీది గుడ్డ ఒకటి తీసి చుట్టాను. పోలయ్య గిన్నెని లైటు కింద తిప్పాడు. లైటు పైపైన్నే కడుగుతుంది.

"ఈసారి బరువుందే?"

"వెన్న బాగా వచ్చింది."

గిన్నె సాయంత్రానికి అచ్చికి అందిందని పోలయ్య కబురు పెట్టాడు.

శుద్ధ నవమి

ఎండ. పాక ఊడ్చి సున్నం చల్లాను. తుమ్మెద మూడుంబావు. పలుకులు లేవు. గుడ్డలు ఉడకబెట్టాను. ఐదు. ఒకటి గాలికి పోయి ఉంటుంది.

శుద్ధ ద్వాదశి

వాన. పాక కారుతోంది, తాటాకులు రెండు దోపాను.

తుమ్మెద నిలబడలేదు. వేడి 106. కుడి వెనక చన్ను రాయిలా ఉంది. ఎడమ వెనకది కూడా. ధార తీస్తే నీళ్ళూ నెత్తురూ. లేపబోతే మెడ చాపి నా చేతి మీద బరువంతా వేసింది.

ఊరి మందు ఎక్కించాను. చేతిలో ఇంకేమీ లేదు.

పౌర్ణమి

వాన వెలిసింది. తుమ్మెద కింద గడ్డి రెండుసార్లు మార్చాను. లేచింది. వెనక చన్నులు రెండూ పోయాయి. ముందు రెండూ కలిపి లీటరు.

మందుల లెక్క చూసే హైమావతి గారి పడవ వచ్చింది. నెలకోసారి పౌర్ణమికి వస్తారు. కుర్చీ వేస్తే కూర్చోరు, పాకలోకే వచ్చి గోనె మీద కూర్చుంటారు. తుమ్మెద పొదుగు చూశారు. ఊరి పుస్తకం చూశారు.

"పసుపుది ఇన్నిసార్లు వేశారు. ఆపిందే గానీ తియ్యలేదు."

"అవునండీ."

"దీనికి చంపే మందు పడుంటే బాగుండేది. అది ఈ ఊరిది కాదు, ఏం చేస్తాం."

చెయ్యి కడుక్కుంటున్నారు. నేను అడిగాను. "రెండూ కలిపి వేస్తే ఎలా ఉంటుందండీ? పసుపుదీ తెల్లదీ."

ఆవిడ చెయ్యి తుడుచుకుంటూనే చెప్పారు. "కలిపితే బలపడే జతలున్నాయి వీర్రాఘవులు గారూ. ఇది మాత్రం కాదు. తెల్లది పురుగుని ఎప్పుడు చంపుతుంది? అది పెరుగుతూ, చుట్టూ గోడ కట్టుకుంటున్నప్పుడు. ఆ గోడని పడగొడుతుంది. పసుపుది ముందే వేశారనుకోండి, పురుగు పెరగడం మానేసి పడుకుంటుంది. గోడే కట్టనిదాన్ని తెల్లది ఏం పడగొడుతుంది? పక్క నుంచి వెళ్ళిపోతుంది."

"పడుకున్నది తర్వాత?"

"మందు దిగిపోయాక లేస్తుంది. లేచినవాటిలో తెల్లదాన్ని నేర్చుకున్నవి కొన్ని ఉంటాయి. ఇక దానికి కూడా లొంగవు." ఆగి నా వైపు చూశారు. "ఎవరైనా వేశారా?"

"లేదండీ. ఊరికే అడిగాను."

పడవ దాకా వెంట వెళ్ళి మళ్ళీ నేనే అడిగాను. "తెల్లది ఒక్కటే వేస్తే తగ్గేదా అండీ?"

"తగ్గేదేమో."

ఆవిడ వెళ్ళాక శుద్ధ తదియ పేజీ తీసి చూశాను. ఆరింటికి పసుపుది, ఎనిమిదింటికి తెల్లది. నా రాత పొందిగ్గానే ఉంది.

బహుళ చవితి

మబ్బు. మేతకి జొన్నచొప్ప కోశాను, ఆరు మోపులు.

గేటు దగ్గర్నించి పోలయ్య కబురు పెట్టాడు, చెల్లెలు ఫోన్లో ఉందని. గేటు ఫోను ఎత్తితే పోలయ్యకి వినపడుతుంది. అచ్చికి కూడా తెలుసు.

"అన్నయ్యా, మల్లికి పొదుగు గట్టిపడింది. మూడు ట్యూబులు ఎక్కించాను. తగ్గలేదు."

మల్లి అచ్చి పెద్దావు. అచ్చికి నాలుగు ఆవులున్నాయి. ఆ ఇల్లు వాటి మీదే నడుస్తుంది.

"మిగతావి?"

"ఎర్రదానికి నిన్నటి నించి పలుకులు పడుతున్నాయి. ఎన్నడూ ఇలా లేదన్నయ్యా. మా మందు ఏనాడూ తప్పలేదు. మళ్ళీ ఎంత శుభ్రంగా చూస్తున్నాననీ! కొత్త గుడ్డతోనే తుడుస్తున్నాను, నువ్వు గిన్నెలో పంపావే, మెత్తగా ఉందని..."

ఫోను రెండో చెవికి మార్చాను.

"అన్నయ్యా, ఉన్నావా?"

"ఉన్నాను."

"లైన్లో ఏదో గొడవగా ఉంది."

గొడవేమీ లేదు. ఇంటికొచ్చి దండెం మీద గుడ్డలు లెక్కపెట్టాను. ఐదు. శుద్ధ పాడ్యమికి ఆరు, నవమికి ఐదు. మధ్యలో షష్ఠి. ఆ రోజు ట్యూబులకి చుట్టింది తుమ్మెద పొదుగు తుడిచి, ఉడకబెట్టకుండా ఆరేసిన గుడ్డ. గాలికి పోయి ఉంటుందని రాశాను. షష్ఠి నించి నవమి దాకా గాలే లేదు. ఎండ అని మాత్రమే పైన రాశాను.

బహుళ పంచమి

మంచు. పళ్లేలు కడిగాను. ఇంకేం చేశానో గుర్తు లేదు.

మందు తప్పిన మంద సంగతి ఇలా ఉంటుంది. పురుగు ఎక్కడిదో, ఏ మందులు చూసిందో తెలియకపోతే ఆ పాక మూసేస్తారు, ఆవులన్నిటినీ పడవెక్కిస్తారు, అవి మళ్ళీ రావు. తెలిస్తే మూడో మందు ఇస్తారు. నీలం మందు. అది ఏ ఊరిదీ కాదు, హైమావతి గారి ఆఫీసులో తాళం కింద ఉంటుంది. పురుగు పుట్టుక రాసిచ్చిన వాళ్ళకే తాళం తీస్తారు. రాసిచ్చినవాళ్ళు మందు దాటించినవాళ్ళైతే వాళ్ళకి గేటు మూసేస్తారు. పన్నెండేళ్ళు. మనిషి దాటకూడదు, నెయ్యి దాటకూడదు, ఫోను ఎత్తకూడదు.

మంచం మీద కూర్చుని చాలాసేపు లెక్క వేశాను. నాకు యాభై ఎనిమిది. అప్పటికి డెబ్బై.

గేటుకి వెళ్ళి అచ్చికి ఫోను చేశాను. గుడ్డ సంగతి చెప్పాను. పసుపుది ముందు వేసిన సంగతి చెప్పాను. పోలయ్య వింటున్నాడు, విననీ అనుకున్నాను.

"ఒక్కటే వెయ్యమన్నాను కదన్నయ్యా."

"అన్నావు."

"మరి?"

"ఊరి మందు ముందు కదా."

ఏడుస్తుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను. "అమ్మ కూడా అంతే. దగ్గొస్తే మిరియాల కషాయానికి ముందు కూడా ఆ పసుపు బిళ్ళే నోట్లో పెట్టేది," అంది. తర్వాత అంది, "రాసిచ్చెయ్యి. నా పేరు కూడా రాయి. నేనిచ్చానని రాయి. మల్లి నోరు లేనిది."

పోలయ్య తల వంచుకుని కూర్చున్నాడు. నేను లేచి వస్తుంటే అన్నాడు, "ఆ వేళ మూడో బూరె కూడా తీసుంటే ట్యూబు తగిలేది. పట్టేసుకుందును."

"అవును."

"తియ్యాల్సింది." కళ్ళు తుడుచుకున్నాడు. "దిక్కుమాలిన షుగరు."

బహుళ షష్ఠి

ఎండ. గంగికి, పుల్లకి తొలి ధారలు చూశాను. బాగున్నాయి.

హైమావతి గారు వచ్చారు. ఈసారి గోనె మీద కూర్చోలేదు. నేను రాసిచ్చిన కాయితం నిలబడే చదివారు.

"పౌర్ణమికి అడిగాను మిమ్మల్ని."

"అడిగారండీ."

"ఆ రోజు చెప్పుంటే మల్లి చన్ను నిలిచేది."

ఏ పూట ఏది వేశానో రాసుకున్నానా అని అడిగారు. ఈ పుస్తకం ఇచ్చాను. ఎండలో నిలబడి పేజీ పేజీ ఫోటో తీసుకున్నారు. ఇది ఉంది కాబట్టి నీలం మందు ఎంత వెయ్యాలో తెలిసింది, లేకపోతే నాలుగింటినీ తీసుకుపోవలసి వచ్చేది అన్నారు. మల్లికి ఒక చన్ను పోతుంది. నాలుగు ఆవులూ బతుకుతాయి.

"మరి తుమ్మెద?"

ఆవిడ పుస్తకం మూసి నా చేతికిచ్చారు. "రెండు మందులూ నేర్చినదాన్ని ఇక్కడ ఉంచలేను వీర్రాఘవులు గారూ."

తెలుసు. అడగాలని అడిగాను.

బహుళ సప్తమి

మంచు, ఎనిమిదింటికి విడిపోయింది. తుమ్మెదకి తవుడూ బెల్లమూ కలిపి పెట్టాను. ఒళ్ళు రుద్ది కడిగాను. కొత్త పలుపు కట్టాను.

కాలువ నూరు బారల గీత దాటడం దాని జన్మలో ఇదే మొదలు. గీత దగ్గర ఆగింది. నేను ముందు నడిచాను. వచ్చింది. పడవ బల్ల మీద కాలు పెట్టి, కదిలేసరికి వెనక్కి తీసింది. బల్ల మీద చెయ్యి ఆనించి చూపించాను. ఎక్కింది. నేను ఎక్కడికి రమ్మంటే అక్కడికే వస్తుంది.

పలుపు హైమావతి గారి మనిషికి ఇచ్చాను. దిగాక ఒక్క మాట అడిగాను. "పడవ అవతలి గట్టు పక్కనించి పోతుందాండీ?"

ఆవిడ కాలువ వైపు చూశారు. "లోతు అటే కదా," అన్నారు. లోతు ఇటుంది. ఈ కాలువ నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు.

పడవ అటే పోయింది. అచ్చి గట్టు మీద నిలబడి ఉంది. పసుపులంక వైపు ఎవరో చూడనట్టు తలుపులు వేసుకున్నారు. పోలయ్య గేటు లోపలికి వెళ్ళిపోయాడు. తుమ్మెద నిలబడి నీళ్ళు చూస్తోంది. అచ్చి గట్టు పట్టుకుని పడవతో పాటు నడిచింది, కంప అడ్డొచ్చేదాకా. "తుమ్మెదా" అని పిలిచింది. అది ఆ గొంతు ఎరగదు. ఒక చెవి మాత్రం తిప్పింది.

పడవ మలుపు తిరిగాక అచ్చి నా వైపు తిరిగి అరిచింది. గేటు మూశాక మాట్లాడకూడదు. గాలి ఇటే ఉంది, అంతా వినిపించింది.

"కాలు తెల్లగా ఉంటుందని చెప్పలేదేం అన్నయ్యా!"

బహుళ అష్టమి

మంచు. చలి. గుడ్డలు ఐదూ తగలబెట్టి, కొత్తవి ఆరు చింపి ఉడకబెట్టాను.

పాలు: గంగి మూడున్నర, పుల్ల మూడు.

అచ్చి అడిగినది ఇన్నాళ్ళూ ఎక్కడా రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను. తుమ్మెద నలుపు. ఎండలో వీపు మీద గోధుమ రంగు తేలుతుంది. కుడి వెనక కాలు మోకాలి దాకా తెలుపు. ఎడమ కొమ్ము కొంచెం లోపలికి వంగి ఉంటుంది, దాంతోనే తొట్టి నెడుతుంది. నుదుటి మీద సుడి. పాలు పితికేటప్పుడు తల వెనక్కి తిప్పి నా భుజం వాసన చూస్తుంది. పాలు చేపేముందు ఒకసారి ఊపిరి గట్టిగా వదులుతుంది. నిద్రపోతే కింది పెదవి వేలాడుతుంది. వానంటే భయం లేదు, ఉరుమంటే భయం.

ఇది పంపడానికి దారి లేదు. రాసి ఉంచుతాను.

దాని వెన్న కొంత మిగిలింది, జబ్బు తిరగబెట్టక ముందుది. పన్నెండు రోజులుగా నీళ్ళు మార్చి ఉంచుతున్నాను, ఇంక ఆగదు, ఈ పూట కాచాలి. పొయ్యి రాజేశాను. అచ్చికి నెయ్యి పంపే గిన్నె కడిగి బోర్లించి ఉంది, పై అర, కింది అర విడివిడిగా. నెయ్యి దిగాక దాన్ని పై అరలో పోసి, అచ్చి పేరున ఉంచుతాను.